సలోమి నొక్కిన అప్‌డేట్

చాలా ఏళ్ళుగా నా మీద ఒక బరువుంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, రోజూ పక్కన కూర్చుని అన్నం తిన్న ఆఫీసు స్నేహితురాళ్ళకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. ముందే ఒక మాట. ఇది రాస్తుంటే నాకు ఏడుపు రావడం లేదు, చిరాకు వస్తోంది. నా మీద, ఆ రోజుల మీద, ఆ దిక్కుమాలిన వెబ్‌సైట్ మీద, చివరికి ఏ పాపం ఎరుగని ఆ అమ్మాయి మీద కూడా. ఆమె మీద చిరాకు ఎందుకు? ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళ మీదే మనకు కోపం వస్తుందా? ఏమో, నాకైతే వచ్చింది.

మాది హిందూపురం. ఎంసీఏ అయ్యాక బెంగళూరు వచ్చాను. రెండు వేల తొమ్మిది ప్రాంతంలో బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో పని. కింద బేకరీ, పైన మేము. పొద్దున్నే బన్నుల వాసన, మధ్యాహ్నానికి జనరేటర్ పొగ. వైట్‌ఫీల్డ్‌లో అద్దాల బిల్డింగుల్లో పనిచేసేవాళ్ళు మెడలో ట్యాగులు వేసుకుని మా బేకరీకి టీకి వచ్చేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేనెప్పుడు అక్కడికి వెళ్తానా అని. చిన్న చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు చేసివ్వడం మా కంపెనీ పని. మా ఓనరు నెల్లూరాయన. మంచివాడే, కానీ కస్టమరు ఏది అడిగినా "అయిపోద్ది సార్, రేపటికి అయిపోద్ది" అనేవాడు. ఆ రేపు ఎవరి నెత్తిన పడేదో వేరే చెప్పక్కర్లేదు.

అలా నా నెత్తిన పడినవాటిలో ఒకటి, వైట్‌ఫీల్డ్ దాటాక ఉన్న ఒక చిన్న మిషన్ ఆస్పత్రి వెబ్‌సైట్. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబాలు నడిపే ట్రస్టు అది. ఆస్పత్రికి ఆనుకుని నర్సింగ్ స్కూలు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి ఆడపిల్లలు వచ్చి అక్కడ చదువుకునేవాళ్ళు. సూపరింటెండెంట్ గారు పెద్దాయన, గుంటూరు వైపు డాక్టరు, మెత్తటి మనిషి. కానీ ఆ వెబ్‌సైట్ విషయంలో నా ప్రాణం తోడేశారు. పేజీ పైన బైబిలు వాక్యం పరుగెత్తాలన్నారు. "కొత్తది" అన్న ముక్క మిణుకుమిణుకుమనాలన్నారు. సైటు తెరవగానే కీర్తన వినిపించాలన్నారు. ఎంతమంది చూశారో కింద అంకె తిరగాలన్నారు. అన్నీ చేశాను. ఒక్కొక్కటి చేసినప్పుడల్లా "దేవుడు మీ చేతుల్ని దీవించును గాక" అనేవారు. దీవెనలు సరే, నా ఆదివారాలు పోతున్నాయి కదా అని లోపల గొణుక్కునేదాన్ని.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు తప్పులా కనిపించదు. అప్పటికే వెబ్‌సైట్లను మొదటినుంచీ రాసుకోవడం తగ్గిపోయింది. సీఎంఎస్ అని రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ దొరికేది. దాన్ని ఎక్కించుకుంటే చాలు, కోడ్ రాని మనిషి కూడా ఫోటోలు పెట్టుకోవచ్చు, వార్తలు రాసుకోవచ్చు. అందులో లేనిది ఏదైనా కావాలంటే మనం సొంత కోడ్ కలుపుకోవాలి. ఆ సొంత కోడ్‌కు వేరే చోటు ఉంటుంది. అక్కడే రాయాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళిచ్చిన అసలు ఫైళ్ళను, మేము కోర్ అనేవాళ్ళం, ముట్టుకోకూడదు. అద్దె ఇంట్లో పరదాలు కట్టుకోవచ్చు, బల్ల వేసుకోవచ్చు, గోడ పగలగొట్టి అందులో బీరువా కట్టించుకోకూడదు. ఇంటి ఓనరు వచ్చి గోడ కొత్తగా కట్టించాడంటే ఆ బీరువా పోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు అప్పుడప్పుడూ కొత్త వెర్షన్ ఇస్తారు. అప్‌డేట్ అని బటన్ వస్తుంది. నొక్కితే పాత కోర్ మొత్తం పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఈ పని చేసే ప్రతివాళ్ళకూ ఇది తెలుసు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు నేనే చెప్పేదాన్ని, కోర్‌లో చెయ్యి పెట్టారంటే చేతులు విరగ్గొడతానని.

నేనే పెట్టాను.

జరిగింది ఇది. నర్సింగ్ స్కూల్లో చేరదలచిన పిల్లలు వాళ్ళ ఊళ్ళో నెట్ సెంటర్ నుంచే దరఖాస్తు పెట్టుకునేలా సైట్లో ఒక ఫారం కావాలన్నారు. చేశాను. పిల్ల పేరు, ఊరు, మార్కులు నింపి పంపితే ఆ వివరాలు మెయిల్‌లో ఆస్పత్రి ఆఫీసుకు రావాలి. రాలేదు. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ వాళ్ళు ఏదో కట్టుదిట్టం పెట్టారు, సైటు నుంచి బయలుదేరిన మెయిల్ ఎక్కడో మాయమయ్యేది. వాళ్ళకు ఫోన్ చేస్తే గంటల తరబడి పాట వినిపించేది, మనిషి పలికేవాడు కాదు. మా ఓనరేమో సోమవారానికల్లా పనిచేస్తుందని మాటిచ్చేశాడు. సరైన పద్ధతి నాకు తెలుసు. మెయిల్ దారి మార్చే కోడ్‌ను సొంత చోట్లో రాయాలి. దానికి కూర్చుని కొంత చదువుకోవాలి, కొంత తలబద్దలు కొట్టుకోవాలి. అడ్డదారి కూడా తెలుసు. కోర్‌లో మెయిల్ పంపే ఫైలు తెరిచి, కొన్ని లైన్లు మార్చి, ఆస్పత్రి మెయిల్ ఖాతా మీదుగా పోయేలా చేస్తే చాలు. టీ తాగి వచ్చినంత సేపట్లో అయిపోయింది. మెయిల్ వచ్చింది. సూపరింటెండెంట్ గారు మళ్ళీ దీవించారు. తర్వాత తీరిగ్గా సరిచేద్దామనుకున్నాను. ఆ తీరిక ఎప్పుడొచ్చింది? నేను తెచ్చుకోలేదు. పని జరుగుతోంది కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. ఓనరుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆ సైటు చూసుకోవడానికి ఆస్పత్రి వాళ్ళు ఒక అమ్మాయిని పెట్టారు. సలోమి అందాం, అసలు పేరు అది కాదు. వాళ్ళమ్మ రత్నమ్మ అదే ఆస్పత్రిలో ఆయా. తాతల కాలంలో బెంగళూరు వచ్చిన తెలుగువాళ్ళు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. రత్నమ్మ సూపరింటెండెంట్ గారి కాళ్ళావేళ్ళా పడి కూతురికి ఆ ఆఫీసు ఉద్యోగం ఇప్పించుకుంది. అది ఇంకా పర్మనెంట్ కాలేదు. ఏడాది బాగా చేస్తే చేస్తామన్నారు. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే పని దొరికింది మొదట సలోమికే. సైటు ఎలా చూసుకోవాలో నేనే నేర్పాను. చురుకైన పిల్ల, ఒకసారి చూపిస్తే పట్టేసేది. కానీ భయం. ప్రతిదానికీ ఫోన్. అక్కా, ఈ ఫోటో ఎక్కించేదా? అక్కా, ఈ అక్షరాలు లావు చేసేదా? అక్కా, సేవ్ నొక్కేదా? మొదట్లో ముద్దుగా ఉండేది. పోనుపోను, సెల్లో ఆస్పత్రి నంబరు కనిపిస్తే పళ్ళు నూరుకునేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం ఇంకో కస్టమరు సైటు కుప్పకూలి ఉంది. కరెంటు లేదు. జనరేటర్ రొదకు చెవులు పోతున్నాయి. ఓనరు పక్క గదిలో తలుపేసుకుని ఆ కస్టమరుకు ఫోన్లో సర్దిచెబుతున్నాడు. అప్పుడు నా సెల్ మోగింది.

"అక్కా, నేను సలోమి. సుమ్నే, ఊరికే ఫోన్ చేసినాననుకోవద్దండి. సైట్లో పైన పసుపు పట్టీ ఒకటి వచ్చుండాది. కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చేసుకో అంటా ఉండాది. నొక్కేదా, వద్దా?"

"వస్తే నొక్కాలి కదమ్మా."

"ఏమన్నా అయితాదేమో అని భయముండాదక్కా. మీరు ఒకసారి చూసి చెప్తారా?"

"సలోమీ, ప్రతిదానికీ నాకు ఫోన్ చేయాలా? కంప్యూటర్ అడుగుతోంది, నువ్వు నొక్కు. ఇక్కడ నా ప్రాణం పోతోంది."

"సరే అక్కా. బేజారు చేసుకోవద్దండి."

ఫోన్ పెట్టేశాక ఏం జరిగిందన్నది, అదుగో, అక్కడే నేను ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగింది. కోర్ మార్చిన సంగతి ఆ క్షణాన గుర్తులేదని నాకు నేను చెప్పుకున్నాను. పని ఒత్తిడిలో మర్చిపోయానని. మనుషులు మర్చిపోరా ఏమిటి? కానీ ఫోన్ పెట్టేశాక లోపల ఏదో కలుక్కుమంది. ఆ సైట్లో నేనేదో చేశాను కదా, అప్‌డేట్ చేస్తే ఏమవుతుంది అని. వెంటనే ఫోన్ చేసి ఆగమని చెప్పడానికి ఎంతసేపు? చేయలేదు. ముందున్న పని వదలబుద్ధి కాలేదు, ఆ అమ్మాయితో మళ్ళీ మాట్లాడాలంటే విసుగు. ఏమీ కాదులే అనుకున్నాను. మర్చిపోలేదు. ఏమీ కాదులే అనుకున్నాను.

సలోమి నొక్కింది. కోర్ కొత్తదైంది, నా లైన్లు పోయాయి. పైకి సైటు ఎప్పటిలాగే ఉంది. వాక్యం పరుగెత్తుతోంది, కీర్తన మోగుతోంది, ఫారం తెరుచుకుంటోంది. పిల్లలు నింపి పంపితే "మీ దరఖాస్తు అందింది" అని వస్తోంది. మెయిల్ మాత్రం ఎక్కడికీ చేరడం లేదు. ఆ "అందింది" సంగతి కూడా చెప్పేస్తాను, ఇప్పుడు దాచి ఏం లాభం. దరఖాస్తు నిజంగా వెళ్ళిందో లేదో చూసుకునే లైను ఒకటి రాయాలి. కాపీ ఒకటి సైట్లోనే మిగిలేలా ఏర్పాటు చేయాలి. నేను రెండూ చేయలేదు. పంపు అన్న బటన్ నొక్కితే చాలు, అందింది అని చూపించమని రాసేశాను. సోమవారం తొందర. ఆ పిల్లలకు ఆ అబద్ధం చెప్పింది కంప్యూటర్ కాదు, నేను.

ఇంకో సంగతి జరిగింది. నేను కసిరాక సలోమి ఫోన్ చేయడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్ళకు పని నేర్చుకుంది అని ఆఫీసులో కూడా అన్నాను.

దరఖాస్తులు తగ్గాయని ఆస్పత్రి వాళ్ళు గమనించారట. పోస్టులో కొన్ని వస్తున్నాయి, చేతికి తెచ్చి ఇచ్చేవాళ్ళు ఇస్తున్నారు, ఊరూరా కొత్త కాలేజీలు లేచాయి కదా అని సరిపెట్టుకున్నారట. ఇంటర్వ్యూలు అయిపోయాక మార్కాపురం వైపు నుంచి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎప్పుడు పిలుస్తారా అని చూసి చూసి, చివరికి బస్సెక్కి వచ్చేశారు. నెట్ సెంటర్లో తీయించుకున్న ప్రింటు చూపించాడు, మీ దరఖాస్తు అందింది అని. ఆఫీసులో ఆ పిల్ల పేరే లేదు. ఆ పిల్ల ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చిందట. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు ఫోన్ చేశారు. సూపరింటెండెంట్ గారు మా ఓనరును రమ్మన్నారు. ఓనరు నన్నూ బయలుదేరమన్నాడు.

బయలుదేరే ముందు సైటు తెరిచి చూశాను. మెయిల్ ఫైలు తెరవగానే అర్థమైపోయింది. నా లైన్లు లేవు. కారులో ఓనరు అడిగాడు, ఏమైందో ఏమైనా తెలిసిందా అని. అక్కడికి వెళ్ళాక చూడాలి సార్ అన్నాను. అంటే ఆ గదిలోకి నేను అన్నీ తెలిసే అడుగు పెట్టాను. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చాలాసార్లు దీన్ని మర్చిపోవడానికి ప్రయత్నించాను.

సూపరింటెండెంట్ గారి గదిలో మేము ముగ్గురం కూర్చున్నాం. సలోమి తలుపు దగ్గర నిలబడింది, కూర్చోమని ఎవరూ అనలేదు. ఈ మధ్య సైట్లో ఏమైనా మార్చారా అని ఓనరు అడిగాడు. అందరికంటే ముందు ఆమే చెప్పింది.

"నేను అప్‌డేట్ నొక్కినాను సార్. అక్కని అడిగే నొక్కినాను."

అందరూ నా వైపు తిరిగారు.

"నన్నా? నన్నెప్పుడు అడిగావు సలోమీ?"

గొంతు వణకలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేసేది అదే. అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? "ఫోన్ చేసినాను కదక్కా, పసుపు పట్టీ వచ్చిందని" అందామె. అని, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఇప్పుడు గుర్తొస్తుంది, ఇప్పుడు అక్క అవును అంటుంది అన్న నమ్మకంతో. నేను తల అడ్డంగా ఊపాను. రోజూ ఏదో ఒకదానికి చేసేదానివి, దీని గురించి చేయలేదు అన్నాను. ఓనరు వైపు తిరిగి ఇంగ్లీషులో ఇంకో మాట చెప్పాను, అప్‌డేట్ చేయడం వల్ల మనం రాసిన కస్టమ్ కోడ్ పోయింది సార్ అని. ఆ వాక్యంలో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. నా తెలివంతా ఆ వాక్యంలో పెట్టాను. ఆ కోడ్ పోకూడని చోట ఉండి ఉంటే పోయేదే కాదని ఆ గదిలో ఎవరికి తెలుసు? ఓనరుకు కోడ్ రాదు.

మెయిల్స్ రావడం లేదని మరి ఎందుకు చెప్పలేదమ్మా అని సూపరింటెండెంట్ గారు అడిగారు. "ప్రతిదానికీ ఫోన్ చెయ్యొద్దని అక్క అన్నాది సార్" అంది సలోమి. ఓనరు విసుగ్గా చేతులు తిప్పాడు. అడక్కుండా నొక్కుతుంది, చెప్పాల్సింది చెప్పదు అన్నాడు. సూపరింటెండెంట్ గారు కేకలేయలేదు. తెలియని వాటిని ముట్టుకోకూడదు కదమ్మా, చూడు, ఎంతమంది ఆడపిల్లల బతుకు అన్నారు. సలోమి తలుపు గొళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. నేను లేకపోతే ఆ కంపెనీలో సగం సైట్లు నడిచేవి కావు, ఓనరుకు ఆ సంగతి తెలుసు. నాలుగు రోజులు సణిగి ఊరుకునేవాడు. పోయేదల్లా నా పరువు. కోర్ ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్న మనిషే కోర్ ముట్టుకుందని కొత్తగా చేరిన పిల్లలకు తెలిసేది, నాలుగు రోజులు నవ్వుకునేవాళ్ళు. దానికోసం. ఇంత చిన్నదానికోసం. పెద్ద ఆపదేదైనా ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేదేమో.

మర్నాడు సరిచేశాను. ఈసారి సరైన చోట, సరైన పద్ధతిలో. నేను మొదట్లో భయపడినంత పని కూడా కాదు అది, మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోయింది. అప్పుడు నా మీద నాకు వచ్చిన కోపం చెప్పలేను. ప్రింటు ఉన్న పిల్లలకు మళ్ళీ ఇంటర్వ్యూ పెట్టారు. ప్రింటు తీసుకోని పిల్లలెవరో, ఏ ఊళ్ళవాళ్ళో, ఆ ఏడు ఇంట్లోనే కూర్చున్నారో ఏమయ్యారో ఎవరికీ తెలియదు.

ఆ ఆస్పత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏదైనా గండం గడిస్తే ఉదయం ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞత చెబుతారు, సాయం చేసినవాళ్ళను పేరు పెట్టి లేపి నిలబెడతారు. నాకు పిలుపొచ్చింది. ఏదో ఒక సాకు చెప్పి ఎగ్గొట్టాల్సింది. ఓనరు వెళ్ళమన్నాడు, వెళ్ళాను. చిన్న ప్రార్థన గది. నర్సులు, ఆయాలు, అంబులెన్స్ డ్రైవర్లు. నన్ను ముందుకు పిలిచి నిలబెట్టారు. సూపరింటెండెంట్ గారు కళ్ళు మూసుకుని, తగిన సమయంలో ఈ సహోదరిని మా దగ్గరికి పంపినందుకు ప్రభువా నీకు స్తోత్రం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక వరసలో ఆయా చీరలో నిలబడ్డ రత్నమ్మ కూడా అంది. అయ్యాక ఆమె అందరినీ దాటుకుంటూ నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మా పాప తెలీక చేసినాదమ్మా. మనసులో ఏం పెట్టుకోవద్దండి."

ఆమె చేతులు ఫినాయిల్ వాసన వేస్తున్నాయి. నేనేమన్నానో తెలుసా? పర్వాలేదమ్మా అన్నాను. అంటే ఆమె కూతుర్ని నేను క్షమించాను. ఆ మాట తలుచుకుంటే నన్ను నేను చాచి కొట్టాలనిపిస్తుంది. పోనీ ఆ తల్లితోనైనా చెప్పాల్సింది. చుట్టూ అందరూ నవ్వుముఖాలతో చెయ్యి కలపడానికి నిలబడి ఉన్నారు. నేను చేతులు కలిపాను.

నెల తిరక్కుండా సలోమిని మానిపించారు. పర్మనెంట్ మాట దేవుడెరుగు, ఉన్నది కూడా పోయింది. అది కూడా మెత్తగానే చెప్పారట. రత్నమ్మ మాత్రం అక్కడే పనిచేస్తూ ఉంది.

ఇంతవరకే అయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదేమో. భయపడ్డాను, నోరుజారింది, ఆ తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను అని ఏదో సర్దిచెప్పుకుని ఉండేదాన్ని. కానీ కొన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. బేకరీ పక్క మెట్ల మీద ఒక్కదాన్నే ఉన్నాను.

"అక్కా, మీ మీద నాకేం కోపం లేదు. ఒకటి అడగాల. ఆ పొద్దు నేను మీకు ఫోన్ చేసినానా, లేదా? నాకు చేసినట్టే ఉండాది. మా అమ్మేమో, అక్క అబద్ధం ఎందుకు చెప్తాది, నువ్వే మరిచిపోయుంటావు అంటాది. నిజం చెప్పండి. నేను ఎవురికీ చెప్పను. నాకు తెలిస్తే చాలు."

అడిగింది అంతే. ఉద్యోగం ఇప్పించమనలేదు, ఆస్పత్రికి వచ్చి చెప్పమనలేదు. ఎదురుగా ఓనరు లేడు, సూపరింటెండెంట్ గారు లేరు. అవును చేశావు అన్న రెండు ముక్కలు. నాకు వచ్చే నష్టం ఒక్కటి కూడా లేదు.

"లేదు సలోమీ. వేరేవాళ్ళెవరికైనా చేశావేమో, గుర్తు తెచ్చుకో" అన్నాను.

ఆమె నెమ్మదిగా అంది. "అట్లే ఉంటాదిలెండక్కా. నాకే మతి సరిగా లేదేమో."

ఆ గదిలో ఆడిన అబద్ధానికి భయమని ఒక సాకుంది. ఈ రెండోదానికి ఏ సాకుంది? వెతికాను. ఎన్నో ఏళ్ళు వెతికాను. ఆడిన అబద్ధం మీద మొండిగా కూర్చోవడం తప్ప ఇంకేమీ దొరకలేదు. ఆమె గొంతులో ఆ అనుమానం వినగానే, ఇది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, గండం గట్టెక్కింది అనిపించింది. ఇక ఎవరూ నన్ను అడగరు అని.

తర్వాత నేను కోరుకున్న అద్దాల బిల్డింగులోకే వెళ్ళాను. ట్యాగు వేసుకున్నాను. నా కింద పనిచేసే పిల్లలు చేరారు, మేనేజర్నయ్యాను. తప్పు చేస్తే వెంటనే వచ్చి చెప్పండి, ఎవరూ తినేయరు అని వాళ్ళకు ఉపన్యాసాలిచ్చాను. ఒకరిద్దరు నిజంగానే వచ్చి చెప్పారు, తలవంచుకుని, చెమటలు పట్టి. వాళ్ళను చూస్తే మెచ్చుకోవాలి కదా. నాకు లోపల్లోపల ఉక్రోషం వచ్చేది. వీళ్ళకు ఇది ఎలా చేతనవుతోంది అని.

కొన్నేళ్ళ కిందట మా ఆడపడుచు సీమంతానికి గాజులు కావాలంటే బళేపేట వెళ్ళాను. ఇరుకు సందు, గాజుల హోల్‌సేల్ కొట్లు. ఒక కొట్లో కింద కూర్చుని గాజులు రంగుల వారీగా విడదీస్తున్న మనిషి తలెత్తింది. సలోమి. నాకంటే ముందు ఆమే గుర్తుపట్టింది. నవ్వింది, లేచి స్టూలు వేసింది, టీ తెప్పించింది. ఈ అక్కే నాకు కంప్యూటర్ నేర్పించింది అని కొట్టు శెట్టిగారికి సంబరంగా చెప్పింది. ఆయన నా వైపు తిరిగాడు.

"అట్లయితే మీరన్నా చెప్పండమ్మా. బిల్లులేసేదానికి కంప్యూటర్ తెచ్చి పెట్టి ఎన్ని దినాలైందో. ఈ పాపకి అంతా వచ్చు. ఆ కుర్చీలో కూర్చో అంటే కూర్చోదు."

సలోమి గాజుల మీది నుంచి కళ్ళెత్తలేదు. "నాకొద్దప్పా. నేను ఏం చేసినానో ఏం చెయ్యలేదో నాకే జ్ఞాపకముండదు. మీ లెక్కలన్నీ తప్పుపోతాయి" అంది.

మామూలుగా అంది. నాకు తగలాలని అన్న మాట కాదు. నాకు షుగరుంది, స్వీటు వద్దు అని చెప్పినంత మామూలుగా. నేను ఆమె ఉద్యోగం పోగొట్టానని ఏళ్ళ తరబడి బాధపడుతున్నాను. అసలు పోగొట్టింది ఏమిటో ఆ స్టూలు మీద కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు. తన జ్ఞాపకం మీద తనకుండే నమ్మకాన్ని తీసేసుకున్నాను. అది లేకుండానే ఆమె ఆ కొట్లో గాజులు విడదీసుకుంటూ బతుకుతోంది, అది తన లోపమే అనుకుంటూ. నేనేం చేశాను? టీ తాగాను. గాజులు ప్యాక్ చేయించుకున్నాను. సీమంతానికి నువ్వూ రావాలి అని కూడా అన్నాను, ఏ నోటితో అన్నానో.

తర్వాత ఒకటి రెండుసార్లు ఆ సందు మొదటిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. తిట్టే మనిషైతే ధైర్యంగా వెళ్ళేదాన్నేమో. ఆమె తిట్టదు. పోనీలెండక్కా అంటుంది, మళ్ళీ టీ తెప్పిస్తుంది. ఆ పోనీలెండి నాకొద్దు. మీరు కూడా అనకండి, అనడానికి మీకు నేనేం చేశాను? మీకు చెప్పడం కూడా పిరికితనమే, తెలుసు. చెప్పాల్సిన చోట చెప్పకుండా, పేరు లేకుండా, ఇక్కడ. అయినా ఎక్కడో ఒకచోట ఈ మాట నా చేత్తో రాసి ఉండాలి. రాస్తుంటే, ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డంగా ఉన్నది కాస్త పక్కకు జరిగినట్టుంది. అంతకంటే ఎక్కువ అడిగే ముఖం నాకు లేదు.

సలోమీ, నువ్వు ఆ రోజు ఫోన్ చేశావు. నాకే చేశావు. చూసి చెప్పమని కూడా అడిగావు. నీకు అంతా సరిగ్గానే జ్ఞాపకముంది.